నూకమ్మ పిన్ని ముక్క

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక క్యాన్సర్ ల్యాబ్‌లో ఇరవై ఏళ్లుగా టెక్నీషియన్‌ని. రంగు వస్తే ఉందంటాం, రాకపోతే లేదంటాం. అంతకుమించి ఆలోచించే ఓపిక కూడా నాకు లేదు.

కొన్ని క్యాన్సర్ కణాలు చుట్టూ ఉన్న ప్రోటీన్లను కోసే ఎంజైములను వదిలి దారి చేసుకుంటాయి. ఆ ఎంజైమును పట్టుకునే యాంటీబాడీని రోగి కండ నుంచి కోసిన పల్చటి పొర మీద వేస్తే, ఎంజైము ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. పరీక్ష సరిగా జరిగిందో లేదో తెలియడానికి, తప్పకుండా రంగు వచ్చే పాత ముక్క పొరనొకటి ప్రతిసారీ పక్కన పెడతాం. దానికి రంగు రాకపోతే ఆ రోజు పనంతా చెత్తబుట్టకే.

మా దగ్గరున్న ఆ పాత ముక్క వండూర్‌లో చేపలమ్మే నూకమ్మ పిన్నిది. ఆరేళ్ల క్రితం ఆపరేషన్‌లో తీసినదాన్ని, ఆమెను అడిగే, మైనంలో పోసి దాచుకున్నాం. జబ్బు నయమైంది. చెకప్‌కి వచ్చినప్పుడల్లా ల్యాబ్ గుమ్మంలో నిలబడేది.

"నా ముక్క ఎలగుంది బేటా? ఇంకా డ్యూటీ సేత్తందా?"

చేస్తోందనేవాణ్ని. ఒకసారి మాత్రం నవ్వకుండా అడిగింది.

"నానెల్లిపోయినప్పుడు దాన్ని కూడా పూరా నాతో అంపెయ్. ఒక్కతే ఇక్కడుండి ఏటి సేత్తది?"

పని తొందరలో సరేనన్నాను.

పోయిన వానాకాలంలో ఒక మంగళవారం మధ్యాహ్నం ఆ ముక్కకు రంగు రాలేదు. పక్కనున్న కొన్నింటికి వచ్చింది. బుధవారం కొత్త సీసా తెరిచాను, రాలేదు. గురువారం డాక్టరుగారు పక్కనే నిలబడి చేయించారు. అప్పుడూ రాలేదు.

నా బెంగంతా రంగత్ నుంచి వచ్చిన ఒక టీచరమ్మ గురించి. ఆమె ఊపిరితిత్తుల్లోంచి సూదితో తీసిన ముక్క చిన్నది, నాలుగే పొరలు వచ్చాయి. మూడు రోజుల్లో మూడూ పోయాయి. నాలుగోదీ పాడైతే మళ్లీ సూది గుచ్చాలి. మొదటిసారికే ఆమె రెండు రోజులు మంచం దిగలేదు. పని ఆపేశాం. చెన్నై నుంచి వేరే ముక్క పంపించమన్నాం, వానలకు పార్సిల్ ఆగిపోయింది.

శుక్రవారం పిన్ని కొడుకు వచ్చాడు.

"అమ్మ మంగళారం పొద్దున్న పోయింది భయ్యా. మీ కాడ ఆమె ముక్కుందంట గదా. పదకొండో రోజున అదీ సముద్రంలో కలపమంది."

అప్పటిదాకా మా ల్యాబ్‌లో ఎవరికీ ఆమె పోయిన సంగతి తెలియదు. ఎన్ని గంటలకని అడగబోయి మానుకున్నాను.

రంగెందుకు రాలేదో తేలకుండా మొత్తం ఇచ్చేస్తే ఎలా, సగం కోసి ఇవ్వమన్నారు డాక్టరుగారు. కోసి ఇచ్చాను. అదే మొత్తమనుకుని అతను రెండు చేతులతో అందుకుని వెళ్లాడు. నాకు సిగ్గేసింది. నిజం చెప్పే ఓపిక లేకపోయింది.

పదకొండో రోజు పొద్దున్న వాళ్లు కలిపేశారు. పార్సిల్ ఇంకా రాలేదు. మధ్యాహ్నం ఊరికే కూర్చోలేక, పిన్ని ముక్క నుంచి మంగళవారం కోసిన పొరల్లో మిగిలినదొకటి తీసి, ఆ రోజు వాడిన సీసాతోనే చేశాను. గోధుమరంగు వచ్చింది, ఎప్పటిలాగే. మర్నాడు ఇంకో పొర పక్కన టీచరమ్మ ఆఖరి పొర పెట్టాను. ఫలితం తేలింది. ఆమెకు మళ్లీ సూది గుచ్చలేదు.

అలసటలో ఏదో మరిచిపోయి ఉంటావని డాక్టరుగారు అంటారు. గురువారం తానూ అక్కడే ఉన్న సంగతి ఎత్తరు. నేనూ గుర్తుచేయను.

పిన్ని పూరా పంపమంది, నేను సగమే పంపాను. మిగతా సగం మా డ్రాయర్‌లో ఇంకా డ్యూటీ చేస్తోంది. ఆ మూడు రోజులూ ఎందుకు మానేసిందో నాకు తెలియదు. మాట తప్పిన నాకు మళ్లీ ఎందుకు పని చేసిపెడుతోందో అంతకన్నా తెలియదు.