నల్లగుంటది గాని

మట్టిని తీసి మనిషిని చేసి, వాడి ముక్కులో తన ఊపిరి ఊదిన దేవునికి స్తోత్రం. ఆయన ఎర్రమట్టి తీశాడా, నల్లరేగడి తీశాడా అన్నది వాక్యంలో లేదు. లేకుండా ఉంచిన ఆయన జ్ఞానానికి స్తోత్రం. నా నోటి వల్ల జరిగిన కీడును నేను దాచుకోబోతే దాచనివ్వకుండా, మోకరించిన ప్రతిసారీ దాన్ని నా ముందు పెట్టిన ఆయన కృపకు అన్నిటికన్నా ఎక్కువ స్తోత్రం.

నేను పుట్టింది కొడకండ్ల దగ్గరి పల్లెలో. నాయిన వారమంతా కూలికి పోయి ఆదివారం సంఘంలో వాక్యం చెప్పేవాడు. మా రేకుల మందిరంలో ప్రతి క్రిస్మస్‌కూ నాటకం వేసేవాళ్లం. తెల్లగా ఉన్న పిల్లలు దేవదూతలు. నాకు ఏటా గొర్రెలకాపరి వేషమే. గొంగడి కప్పి వెనక నిలబెట్టేవాళ్లు. ఒక ఏడు ధైర్యం చేసి దేవదూత వేషం అడిగాను. ఆదివారం బడి నేర్పే అక్క నవ్వింది. "నీకు రెక్కలు కడితె కాకి అనుకుంటరే" అన్నది. ఆమె చెడ్డది కాదు. నాకు వేళ్లు పట్టి బైబిల్ చదవడం నేర్పింది ఆమే. అందుకే ఆ మాట నమ్మాను. చాలా ఏళ్లు నమ్మాను.

పంతులమ్మనై మహబూబాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్ ఉన్న సర్కారు బడికి వచ్చాక, నాకు జరిగింది నా పిల్లలకు జరగకూడదని దేవుని ముందు మొక్కుబడి చేసుకున్నాను. శనివారం సాయంత్రం పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టేదాన్ని. రంగు మీద ఇంట్లో, వీధిలో తమను ఎవరేమన్నారో కాగితం మీద రాయమనేదాన్ని. కర్రిది, బొగ్గు, పెనం అడుగు అని రాసేవాళ్లు. "చీకట్ల నిలవడితె పండ్లొక్కటే కనవడ్తయ్" అని ఒకమ్మాయి తన మేనత్త మాట రాసింది. ఎవరి కాగితం వాళ్లు లేచి గట్టిగా చదివి చింపేయాలి. తర్వాత ఎదుటి వాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడటం, మైకు ముందు తల దించకుండా నిలబడటం నేర్పేదాన్ని. అక్కడ చదివి నర్సులైన వాళ్లున్నారు, టీచర్లైన వాళ్లున్నారు. నాకు కొంత పేరు వచ్చింది. ఆ పేరు నాలో గర్వమై కూర్చున్నదని అప్పుడు తెలియలేదు.

ఆ పిల్ల మరిపెడ పక్క తండా నుంచి వచ్చింది. ఇంట్లో లంబాడి భాష. బడిలో చేరేనాటికి తెలుగు సగం సగం వచ్చేది. పదో తరగతికి వచ్చేసరికి మా బడిలో అంత చక్కగా మాట్లాడే పిల్ల లేదు. హాస్టల్‌లో అందరికన్నా నలుపు. తల్లి ఒక్కతే, మిరప తోటల్లో కూలి. పది పాసై నర్సు ట్రైనింగ్‌కు పోవాలని ఆ పిల్ల పట్టుదల. ఆ తండాలో ఏ ఆడపిల్లా అప్పటికి పది దాటలేదు.

అది ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరంతా రోడ్ల మీదున్న ఏడు. చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు, రోడ్డు మీదే భోజనాలు, పక్కన షామియానా కింద సభ. మా బడి నుంచి ఒక పిల్ల మాట్లాడాలని కబురు వచ్చింది. నేను ఈ పిల్లను తీసుకుపోయాను. సభ పనులు చూస్తున్న సారు పక్క బడిలో తెలుగు చెప్పేవాడు. పిల్లను చూసి నన్ను పక్కకు పిలిచాడు.

"టీచరమ్మా, జర తెల్లగున్న పిల్లను తోలియ్యరాదు? పేపర్ల ఫొటో పడ్తది."

"ఫొటో మాట్లాడ్తదా సార్?"

"గట్ల కాదమ్మా. ఎదురంగ కూసున్నోళ్లకు ముఖం కనవడాలె గద!"

"మన మాటను సినిమాలల్ల జోకర్ల నోట్ల పెట్టిండ్రని రోజు మైకుల కొట్లాడ్తరు మీరు. మన పిల్ల ముఖాన్ని మనమే ఎన్కకు నూకితె గదేందంటరు?"

సారు తల గోక్కున్నాడు. నవ్వాడు. "మీతోని గెలుస్తమా! ఎక్కియ్యుండ్రి" అన్నాడు.

గెలిచానన్న సంతోషంతో నేనే స్టేజి ఎక్కాను. పిల్లను పరిచయం చేస్తానని మైకు అందుకున్నాను. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట ఇది:

"ఈ పిల్ల నల్లగుంటది గాని బంగారం అసొంటి పిల్ల. ఇనుండ్రి."

ముందు వరుసలో ఎవరో లేచి అరిచాడు. "బొగ్గుబాయి బంగారమా టీచరమ్మా?"

షామియానా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. పిల్ల మైకు తీసుకుంది. తమ తండాకు బస్సు రాదని, పంతులు వారానికోసారి వస్తాడని, రాష్ట్రం వస్తే ఈ రెండూ మారాలని తడబడకుండా చెప్పి దిగింది. చప్పట్లు కొట్టారు. నా దిక్కు చూడలేదు.

హాస్టల్‌కు నడిచి వస్తుంటే అడిగింది.

"టీచర్, ఒకటడుగుత. తిట్టరు గద?"

"అడుగు."

"గాని అంటే ఏంది?"

"పదో తరగతికొచ్చి గిది అడుగుతున్నవేందే?"

"మీరు ఇంట్లనే నేర్సుకున్నరు తెలుగు. నేను బడిల నేర్సుకున్న. అందుకే అడుగుతున్న. గానికి ముందట ఉన్నది తప్పు, ఎన్కున్నది దానికి మాఫీ. గంతేనా?"

జవాబు లేనప్పుడు పెద్దవాళ్లు చేసే పనే చేశాను. "పొగిడితె గూడ పేచి పెడ్తవేందే! నడువ్" అన్నాను. ఆ పిల్ల నడిచింది. ఆ రాత్రి మోకరించి సభ బాగా జరిగినందుకు దేవునికి వందనాలు చెప్పాను.

కొన్నాళ్లకు సకల జనుల సమ్మె మొదలైంది. బడికి తాళం పడింది. పిల్లల్ని ఇళ్లకు పంపేశాం. నేను ర్యాలీల్లో నడిచాను, దీక్షా శిబిరంలో కూర్చున్నాను. తండాకు పోయిన ఆ పిల్ల గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

సమ్మె ముగిసి బడి తెరిచాక ఆ పిల్ల వారం ఆలస్యంగా వచ్చింది. స్కార్ఫ్ విప్పగానే అందరూ మూగారు. ముఖం పిండి రుద్దినట్టు తెల్లగా ఉంది. మెడ పాత రంగులోనే ఉంది.

"ఓ పిల్లా, ఏం రాసినవే? మాగ్గూడ జెప్పు!"

"మెడకు రాసుడు మర్శిపోయినవే!"

శనివారాలు అన్ని మాటలు చెప్పిన నేను ఆ పిల్ల గడ్డం పట్టుకుని చూశాను. "ముఖం తేటగైందే" అన్నాను. అది సంతోషంతోనే అన్నాను. గొంగడి కప్పించుకున్న పిల్లనే నేను. ఇన్నేళ్ల బోధన కింద నాలో ఆ పాత లెక్క అట్లాగే ఉంది. ఇంకొకరి పాపమైతే రాయడం తేలిక. ఇది నాది.

చలికాలం నడుమ నుంచి ముఖం ఎర్రబడటం మొదలైంది. చర్మం ఉల్లిపొరలా పల్చబడి నరాలు కనిపించేవి. చెంపల మీద నూగు పెరిగింది. నీటి పొక్కులు లేచాయి. ఎండ తగిలినా, వంటగది వేడి తగిలినా చేతులతో ముఖం మూసుకునేది. అప్పుడు చెప్పింది. మరిపెడ బజారులో ఒక దుకాణంలో, చీటీ లేని చిన్న డబ్బీలో ఏదో క్రీం కలిపి ఇచ్చారట. సమ్మె రోజుల నుంచి పొద్దున, సాయంత్రం రాసుకుంటూనే ఉందట.

వరంగల్ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ డబ్బీ వాసన చూసి పక్కన పెట్టింది. "ఇది గజ్జికి, తామరకు ఇచ్చే మందు. ముఖానికి రాసేది కాదు. మానెయ్యాలె. మానితె ముందు ఇంకింత లేస్తది. ఏడాదో, రెండేండ్లో పడ్తది. ఎండకు పోవద్దు" అన్నది. పిల్ల ఒక్కటే అడిగింది. "పరీక్షల దాకన్న రాసుకోవచ్చా?" డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

మానింది. డాక్టరమ్మ చెప్పినట్టే ఇంకింత లేచింది. స్కార్ఫ్ కట్టుకునే చదివింది, స్కార్ఫ్ కట్టుకునే తిన్నది.

పది పరీక్షలు మొదలయ్యాయి. నాకు వేరే సెంటర్‌లో డ్యూటీ. మొదటి రోజు ఆ పిల్ల గదిలో జరిగింది, పక్క బెంచీ పిల్లలు చెప్పగా విన్నాను. ఇన్విజిలేటర్ హాల్ టికెట్ చూసి స్కార్ఫ్ తీయమన్నాడు. తీసింది. హాల్ టికెట్ మీదున్నది ఏడాది మొదట్లో దిగిన ఫొటో.

"గిది నీ ఫొటోనేనా? నీ బదులు ఇంకెవరన్న వచ్చిండ్రా, నువ్వే ఇంకెవరి బదులు వచ్చినవా?"

"నేనే సార్."

"ఏది, గిటు తిరుగు. కిటికి దిక్కు. ఎలుగుల చూడనియ్యి."

గదంతా అటే తిరిగి చూసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. పిల్ల పొక్కుల ముఖంతో ఎండ పడుతున్న కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆయన సరే కూర్చోమన్నాడు. కూర్చోలేదు. అట్ట, పెన్ను బెంచీ మీదే వదిలి బయటికి నడిచింది. మిగిలిన పరీక్షలకూ రాలేదు.

పరీక్షలైపోయాక తండాకు పోయాను. తల్లి ఇంటి ముందు మిరపకాయలు ఏరుతోంది. పిల్ల లోపలే ఉంది. పిలిచాను, పలకలేదు.

"ఎండకు పోవద్దన్నరు గదా అక్కా" అన్నాను.

"ఇంట్ల కూసుంటె ఎట్ల ఎల్తది టీచరమ్మా? పొద్దుగాల్నే నాతోని తోటకొస్తది. తువ్వాల కట్టుకుంటది. మిరప ఘాటుకు మండుతది. ఏడుస్తది. మళ్ల ఏరుతది."

"సప్లిమెంటరీ ఉన్నది. ఫారం నేనే నింపుత. జర చెప్పు బిడ్డకు."

తల్లి చేయి ఆగింది. "నువ్వు మంచిదానవే. నీ మీద కోపం లేదు. పుట్టిన కాంచి మేము దాన్ని కర్రిది అనే పిలుస్తున్నం. ఎన్నడు ఏం రాసుకోలే. నవ్వేది. నువ్వు అన్నంక రాసుకున్నది. నువ్వు చదువుకున్నదానవు గద. నువ్వంటె నిజమే అనుకున్నది."

బస్సు కోసం రోడ్డు దాకా నడిచి వచ్చాను. దారిలో ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట రాలేదు.

ఆ తర్వాత నన్ను భూపాలపల్లికి బదిలీ చేశారు. అక్కడా నల్లని పిల్లలే, అక్కడా అవే పేర్లు. శనివారం కూర్చోబెట్టడం మానలేదు. కాగితాలు చింపించడం మాత్రం మానేశాను. ఇప్పుడు ప్రతి పిల్లా పక్కనున్న పిల్ల గురించి రెండు వాక్యాలు రాయాలి. నల్లగా ఉంటుంది. లెక్కలు బాగా చేస్తుంది. రెండింటి మధ్య చుక్క ఉండాలి. ఆ మాట ఉండకూడదు. ఎంత చిన్న పని అనిపిస్తుంది! ఒకసారి చేసి చూడండి. కలం దానంతటదే అటు పోతుంది.

రాష్ట్రం వచ్చిన రోజు పిల్లలు నా ముఖమంతా గులాల్ పూశారు. ఆ వారంలోనే మరిపెడ బస్సెక్కాను. ఫారం నా సంచిలో ఉంది. ఏటా తీసుకుపోయేదాన్ని, ఏటా తల్లి చేతికే ఇచ్చి వచ్చేదాన్ని. ఈసారి పిల్లే బయటికి వచ్చింది. పొక్కులు తగ్గాయి. చెంపల మీద నల్లగా, తెల్లగా మచ్చలు నిలిచిపోయాయి. చెంబుతో నీళ్లిచ్చింది.

"మంచిగున్నరా టీచర్?"

"ఫారం తెచ్చిన బిడ్డా."

"ఫొటో అంటియ్యాలెనా?"

"ఆఁ."

"వద్దయితె."

నేను ఆ గచ్చు మీదే కూర్చుని ఏడ్చాను. తప్పు నాదేనని, క్షమించమని అడిగాను. ఆ పిల్ల నా చేతిలోని చెంబు తీసి గడప పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది.

"అన్నది మైకుల అన్నరు టీచర్. మాఫీ ఇంట్ల అడుగుతున్నరు."

ఆ తర్వాతి ఆదివారమే మా సంఘంలో లేచి సాక్ష్యంగా ఇదంతా చెప్పాను. కొందరు ఏడ్చారు. కొందరు ఇంత చిన్న మాటకు ఇంత బాధ ఎందుకన్నారు. అది నాలుగు గోడల మధ్య మాట. ఈ రాత అచ్చులో పడుతుంది. ఆ రోజు షామియానా కింద ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతారేమోనని రాస్తున్నాను. ఆ పిల్ల తన పేరు రాయవద్దన్నది, రాయలేదు. ఆమె ఇంకా పరీక్ష రాయలేదు.

ఇక్కడిదాకా చదివినవారు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ఆమె చర్మం బాగుపడాలని అడగవద్దు, ఆమె చర్మంలో మొదట ఏ లోపమూ లేదు. ఆ ఒక్క ఫొటోకు ఆమె స్కార్ఫ్ తీసి కూర్చునే రోజు రావాలని అడగండి. ఫొటో చూసేవాడి నోటికి కావలి పెట్టమని అడగండి. నన్ను క్షమించే మనసు ఆమెకు ఇంకా రాకపోతే, ఆమెను తొందరపెట్టవద్దని కూడా ప్రభువును అడగండి. ఆమేన్.