బోర్లించిన గరాటు బొమ్మ

ఆరేళ్లుగా ఈ మాట గొంతులో ముల్లులా ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీకు చెప్తున్నాను. జాలి మాత్రం పడొద్దు.

మహబూబాబాద్‌లో పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పేవాణ్ణి. లైసెన్సు పరీక్షకు వెళ్లే డ్రైవర్లకు రోడ్డు గుర్తులు కూడా చెప్పేవాణ్ణి. చదువు రానివాళ్లకు చేతిలో వస్తువుతో పోల్చి చెబితే బాగా గుర్తుంటుంది. ఒకరోజు ఐలయ్య వచ్చాడు. కొత్తగూడ దారిలో లైసెన్సు లేకుండానే ఆటో తిప్పేవాడు. నన్ను గుర్తుపట్టలేదు. నేనెలా మరుస్తాను? రాంగ్ సైడులో వచ్చి మా బాపును గుద్దింది వాడే. "ముసలోడే అడ్డమొచ్చిండు" అని పంచాయితీలో నవ్వింది వాడే. బాపు మళ్లీ మంచం దిగలేదు. అలాగే పోయాడు.

"అన్నా, నాకు సదువు రాదు. జర బొమ్మలన్న సమజయ్యేటట్టు చెప్పు" అన్నాడు చేతులు కట్టుకుని.

చెప్పాను. అన్నీ సరిగ్గానే, ఒక్కటి తప్ప. ఆ బొమ్మలో రెండు గీతలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి.

"డీజిల్ పోసే గరాటు బోర్లించినట్టు లేదా? గా బొమ్మ కనవడితే ముంగట తొవ్వ వెడల్పయితది. భయపడకుండ ముంగటి బండిని దాటు" అన్నాను.

నోరు జారలేదు. కావాలనే అన్నాను. పరీక్షలో ఒకటి తప్పినా లైసెన్సు ఆగదని నాకు తెలుసు. వచ్చింది కూడా. మిఠాయి తెచ్చాడు. తిన్నాను.

ఆ వానాకాలంలో, ఆ బొమ్మ చూసి బస్సును దాటబోయి, ఇరుకు వంతెన గోడకు గుద్దుకున్నాడు. ఆటోలో ఇంకెవరూ లేరు. కాలు తీసేశారు. కబురు విని నా కడుపు చల్లబడింది. దాచను. బాపు ఫోటో ముందు నిలబడి "తీరింది బాపూ" అన్నాను. ఇప్పుడు తలుచుకున్నా లోపలెక్కడో అదే చల్లదనం. నేను మనిషినేనా?

దవాఖానకు పోయాను. పరామర్శకు కాదు, కళ్లారా చూడ్డానికి. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"బొమ్మ జూసే దాటిన గని, వానకు గోడ కానరాలె అన్నా. నా కర్మ. నువ్వైతే మంచిగ నేర్పినవ్. మా ఆటో అడ్డా మీద అందరికి నీ గరాటు ముచ్చటే చెప్పిన."

అందరికీనా? వాళ్లతో నాకే పగా లేదే!

అడ్డా దాకా ఎన్నిసార్లు పోయి వెనక్కి వచ్చానో. సరిదిద్దాలంటే ఎందుకు తప్పు చెప్పానో కూడా చెప్పాలి. ఐలయ్య మీద పగ నాలో ఇంకా చావలేదు, నన్ను క్షమించమని వాణ్ణి అడగను. కానీ ఆ అడ్డా మీదివాళ్లు, వాళ్ల ఆటోల్లో కూర్చునే పిల్లాజెల్లా నాకేం చేశారు?

రేపు పొద్దున్నే అడ్డాకు పోతున్నాను. ముందు మీ దగ్గర ఒకసారి పలికి చూసుకుంటున్నాను. గరాటు బోర్లించినట్టు గీతలు దగ్గరైతే, ముందు దారి ఇరుకు. దాటొద్దు, నిదానించాలి. తప్పు చెప్పింది నేనే.