నోవైలో తద్దినం ఏ రోజు?

తద్దినాలు వద్దని నేను మాట్లాడిన సభలకు లెక్కలేదు. తెనాలిలో, ఏలూరులో, గుడివాడలో మైకు ముందు నిలబడి, చచ్చిపోయినవాడికి పెట్టే అన్నం ఆకలితో బతికున్నవాడికి పెట్టండని గొంతు చించుకున్నాను. చప్పట్లు పడ్డాయి. ఒకసారి చెప్పు కూడా పడింది. ఆ మాటల్లో ఒక్కదాన్నీ ఈనాటికీ వెనక్కి తీసుకోలేదు. అలాంటివాణ్ణి డెబ్బైల చివర్లో, మిషిగన్ మంచులో, ఒక పెద్దావిడకు ఆమె భర్త తద్దినం ఏ రోజు పెట్టాలో దగ్గరుండి తేల్చిపెట్టాను.

అప్పట్లో నేను డిట్రాయిట్ దగ్గర ఒక చిన్న కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. నా విద్యార్థుల్లో సగంమంది కార్ల ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి నేరుగా క్లాసుకు వచ్చేవాళ్ళు. బోర్డు మీద సూత్రం రాస్తే కళ్ళు మూతలు పడేవి. వాళ్ళకు తెలిసిన బతుకులోంచి పోలికలు వెతకడం అక్కడే నేర్చుకున్నాను. అలలో నీళ్ళు ముందుకు పోవు, కదలిక ఒక్కటే పోతుంది అని చెప్పడానికి ఫ్రీవే మీద ట్రాఫిక్ జామ్ పనికొచ్చింది. కార్లన్నీ ముందుకే పోతుంటాయి, జామ్ మాత్రం వెనక్కి పాకుతుంది. అంతరిక్షంలో మనిషి ఎందుకు తేలతాడంటే, తాడు తెగిన లిఫ్టులో ఉన్నాననుకోమనేవాణ్ణి. నువ్వూ లిఫ్టూ కలిసి పడుతుంటే నీ కాళ్ళను నొక్కే నేల ఉండదు. అయితే ప్రతి పోలికకూ చివర, ఇది ఎక్కడిదాకా పనిచేస్తుందో, ఎక్కడ విరిగిపోతుందో చెప్పేవాణ్ణి. అది చెప్పకపోతే సైన్సు కూడా పురాణమైపోతుంది.

డిట్రాయిట్ శివార్లలోని నోవై అనే ఊళ్ళో మా జిల్లావాడే ఒక మిత్రుడు ఉండేవాడు. కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆ ఏడాది వాళ్ళమ్మగారు తొలిసారి అమెరికా వచ్చారు. ఒక ఆదివారం మధ్యాహ్నం అతను ఫోన్ చేశాడు.

"గురూ, నువ్వు వెంటనే రావాలి. అమ్మ సరిగ్గా తినట్లేదు, నాతో మాట్లాడట్లేదు. నాన్న తద్దినం గొడవ."

"దానికి నన్ను పిలుస్తావేమిటి? పురోహితుణ్ణి పిలువు."

"పిలిచానయ్యా. ఆయన వీకెండ్స్‌లో పురోహితుడు, వీక్‌డేస్‌లో ఫార్మసిస్టు. 'ఇండియా డేట్ ఫాలో అయిపోండి, అదే సేఫ్' అన్నాడు."

ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. సేఫ్ అట! పితృదేవతలకు కూడా ఇన్సూరెన్సు! కారు తీశాను.

పిన్నిగారు, మిత్రుడి తల్లిని నేనలాగే పిలిచేవాణ్ణి, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నారు. నేతచీర మీద కొడుకు స్వెట్టరు, కాళ్ళకు కొడుకు మేజోళ్ళు. ముందు ఊరినుంచి తెచ్చుకున్న పంచాంగం తెరిచి ఉంది.

"రావయ్యా. నువ్వు దేవుడు లేడంటావట గదా?"

"అంటానండీ."

"తద్దినాలూ వద్దంటావట?"

"అవునండీ."

"మరి నిన్నెందుకు పిలిచాడు వీడు?"

"అదే నాకూ అర్థం కాలేదండీ."

ఆవిడ నవ్వారు. కోడలు ఊపిరి పీల్చుకుని కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

గొడవ ఇదీ. ఊళ్ళో పెద్ద కొడుకు వచ్చే గురువారం తద్దినం పెడుతున్నాడు. ఇక్కడ నా మిత్రుడు, పంచాంగంలో ఇచ్చిన వేళల్లోంచి ఇక్కడికీ ఊరికీ తేడా ఉన్న పదిన్నర గంటలు తీసేసి, బుధవారమే పెట్టాలంటున్నాడు. ఖర్మ కొద్దీ గురువారం అతనికి ఆఫీసులో పెద్ద మీటింగ్ ఉంది.

"ఆఫీసులో మీటింగటయ్యా. అందుకని తండ్రిని ఒకరోజు ముందు రమ్మంటున్నాడు" అన్నారు పిన్నిగారు.

"అమ్మా, మీటింగ్‌కీ దీనికీ సంబంధం లేదు. నేను కాలిక్యులేట్ చేశాను."

"ఏం చేశావురా? తండ్రి పోయిన వారమే గుర్తులేదు నీకు. ఆయన గురువారం తెల్లవారుజామున పోయారు. నువ్వేమో అందరితో బుధవారం పోయారని చెబుతావు. నీ స్నేహితుల ముందు నా తల తీసేసినట్టయింది."

నాకప్పుడు తెలిసింది, ఆవిడ అన్నం మానేసింది పంచాంగం కోసం కాదని. కొడుకు తండ్రిని మరిచిపోయాడని ఆవిడ నమ్మకం. తప్పు రోజున పెడితే ఆయన వచ్చి, గుమ్మం మూసి ఉండటం చూసి, ఆకలితో వెళ్ళిపోతారన్న భయం.

నా పాత ఉపన్యాసం నాలుక చివర ఉంది. వచ్చేవాళ్ళెవరూ లేరు, ఆకలి పడేవాళ్ళెవరూ లేరు, ఏ రోజైనా ఒకటే అనడానికి ఒక్క నిమిషం చాలు. కానీ ఆవిడ నన్ను అడిగింది దేవుడి గురించి కాదు. ఆకాశం గురించి, రోజు గురించి. నిజాయితీగా అడిగిన ప్రశ్నకు వేరే ప్రశ్నకు సిద్ధం చేసుకున్న జవాబు విసరడం వాదం కాదు, దబాయింపు. మా గురువులు వేదికల మీద నాకు నేర్పిన మొదటి సంగతి అదే.

ఒక నారింజపండు తెచ్చి, టేబుల్ లాంప్ ముందు పట్టుకుని తిప్పాను. పండు భూమి, దీపం సూర్యుడు అన్నాను.

"భూమి ఇంత జోరుగా తిరుగుతుంటే ఈ కాఫీ ఒలికిపోదూ?" అన్నారు పిన్నిగారు.

"మీరు విమానంలో వచ్చారు కదండీ. అది ఎంత వేగంగా పోతుంది! కాఫీ ఒలికిందా?"

"ఒలికింది. లండన్ దాటాక. నా చీర మీదే."

మిత్రుడు నవ్వు ఆపుకోలేకపోయాడు. నారింజపండు ఒలిచి తలా రెండు తొనలు తినేశాం.

మళ్ళీ మొదలుపెట్టాను. "ఇద్దరు అన్నదమ్ములు ఒక ఇంట్లోంచి ఒకేసారి బయలుదేరారనుకోండి. ఒకడిది నింపాది నడక, వాడు సూర్యుడు. రెండోవాడిది చురుకు నడక, వాడు చంద్రుడు. ఇద్దరూ ఒకచోట ఉన్నది అమావాస్య. చంద్రుడు ముందుకెళ్ళి ఇద్దరికీ మధ్య ఇంత ఎడం రాగానే పాడ్యమి అయిపోయింది. మళ్ళీ అంత ఎడం పెరిగితే విదియ. తిథి అంటే వాళ్ళిద్దరి మధ్య ఎడం, అంతే. ఆ ఎడం ఆకాశంలో ఉంది. మన ఊరినుంచి చూసినా నోవైనుంచి చూసినా అది ఒకటే."

ఆవిడ ముఖం వెలిగింది. "చూశావురా! నీ స్నేహితుడే అంటున్నాడు. తిథి ఎక్కడైనా ఒకటే. అక్కడ గురువారమైతే ఇక్కడా గురువారమే. నేను చెబుతున్నదీ అదే!"

మిత్రుడు తల పట్టుకున్నాడు. "నిన్ను పిలవడం నాదే బుద్ధి తక్కువ" అన్నాడు.

తప్పు ఆవిడది కాదు. అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి అని ఆవిడకు తెలుసు. అది గడియారాలకు సంబంధించిన సంగతి అనుకున్నారు. వారం అనేది గడియారానికి అందని గట్టి వస్తువనీ, లోకమంతటికీ గురువారం ఒక్కసారే దిగుతుందనీ ఆవిడ లెక్క. ఫార్మసిస్టు పురోహితుడి లెక్కా అదే. నా పోలిక సగం దూరం నడిచి ఆగిపోయింది.

అప్పుడు గోడకున్న ఫోన్ కనబడింది.

"పిన్నిగారూ, మీ పెద్దబ్బాయి కిందటిసారి ఫోన్ ఎప్పుడు చేశారు?"

"పోయిన శనివారం. రాత్రి మా భోజనాలయ్యాక."

"అప్పుడు ఆయనకి?"

"వాడికి తెల్లారింది. కాఫీ తాగుతూ మాట్లాడాడు. ఆదివారం."

"మరి మీరిద్దరూ మాట్లాడుకున్నది శనివారమా, ఆదివారమా?"

ఆవిడ గోడమీది ఫోన్ వైపు తిరిగి చూశారు.

"మీరు శనివారం ఒకసారి, ఆయన ఆదివారం ఒకసారి మాట్లాడారా?"

"అదేం మాటయ్యా. ఇద్దరం ఒకేసారి కదా."

"తిథి ఆ ఫోన్ కాల్ లాంటిదండీ. మొదలయ్యేది రెండుచోట్లా ఒకేసారి, అయిపోయేదీ ఒకేసారి. ఆ వేళకు గోడమీద క్యాలెండర్‌లో ఏ వారం ఉందన్నది మాత్రం ఏ ఊరి సంగతి ఆ ఊరిది. ఇప్పుడు పంచాంగం చూడండి. అక్కడ బుధవారం రాత్రి పదిన్నరకు తిథి వస్తోంది. అంటే ఇక్కడ?"

ఆవిడ వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టారు. కొడుకు వైపు చూడలేదు. "బుధవారం మిట్టమధ్యాహ్నం."

"తద్దినానికి తిథి ఏ పూట ఉండాలంటారు మీరు?"

"మధ్యాహ్నం. పొద్దు వాలే పూట."

"అక్కడ గురువారం రాత్రి ఏడింటికి తిథి వెళ్ళిపోతోంది. మరి గురువారం ఆ పూటకి ఇక్కడ ఉంటుందా?"

మళ్ళీ వేళ్ళు ముడిచారు. ఈసారి నెమ్మదిగా.

"ఉండదు. పొద్దున్నే వెళ్ళిపోతుంది" అన్నారు. మళ్ళీ తనే, "గురువారం పెట్టి ఉంటే ఆయన వచ్చి వెళ్ళిపోయాక పెట్టినట్టయ్యేది" అన్నారు.

నేను నెగ్గాననుకున్నాను. సభల్లో ఆ క్షణాన చప్పట్లు పడతాయి. ఇక్కడ పడలేదు. పిన్నిగారు పంచాంగం మూసేసి, దాని అట్ట మీద చెయ్యి ఆనించి, కిటికీ అవతల మంచు వైపు చూశారు. తరువాత కొడుకు వైపు తిరిగారు.

"మీ నాన్న పోయినప్పుడు అన్నయ్య ఫోన్ చేశాడు కదా. అప్పుడు నువ్వేం చేస్తున్నావురా?"

"డ్రైవ్‌వేలో మంచు తీస్తున్నానమ్మా. ఆఫీసునుంచి వచ్చి కారు లోపల పెడదామని. మీ కోడలు తలుపు తీసి పిలిచింది."

"పొద్దు వాలిందా?"

"చీకటి పడింది. బుధవారం సాయంత్రం."

"మాకింకా తెల్లారలేదు" అన్నారు ఆవిడ. "లైను త్వరగా దొరికిందని అన్నయ్య ఆశ్చర్యపోయాడు. వాడు ఫోన్‌లో నీతో చెబుతుంటే నేను పక్కగదిలో ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అయితే నేను ఏడుస్తున్నప్పుడే నువ్వూ ఏడుస్తున్నావన్నమాట."

"పార అక్కడే పడేసి మంచులో కూర్చున్నానమ్మా. ఎంతసేపని తెలీదు."

"నువ్వు బుధవారం అంటుంటే, నీకు పట్టలేదనుకున్నానురా."

ఆవిడ మేజోళ్ళ కాళ్ళతో లేచి వెళ్ళి, వాడి తలమీద చెయ్యి వేసి, "అన్నం పెట్టమ్మా, ఆకలేస్తోంది" అన్నారు కోడలితో.

నేను వెళ్ళబోతుంటే గుమ్మం దగ్గర ఆపారు.

"ఇంత చెప్పావు. నీకు మాత్రం నమ్మకం లేదుగా?"

"లేదండీ. చంద్రుడు ఎప్పుడెక్కడ ఉంటాడో నేను చెప్పగలను. బాబాయిగారు రారనే నా అభిప్రాయం."

"అది నేను చూసుకుంటాలే" అన్నారు. "బుధవారం భోజనానికి రా. గొడవపడాలనుకుంటే తిన్నాక పడుదువుగాని."

ఇండియాలో ఉన్నప్పుడు నేను తద్దినం భోజనం ముట్టనని నియమం పెట్టుకున్నవాణ్ణి. బుధవారం వెళ్ళాను. ఫార్మసిస్టు పురోహితుడికి ఆ రోజు డ్యూటీ కనుక, వాళ్ళ ఊరి పురోహితుడు క్యాసెట్‌లో చదివి పంపిన మంత్రాలతో పని నడిచింది. అది నాకు నవ్వొచ్చే దృశ్యమే. మధ్యలో టేపు చిక్కుకుంటే, మిత్రుడు పంచెకట్టుతో, జంధ్యం కుడి భుజం మీదికి మార్చి వేసుకుని, పెన్సిల్ దూర్చి చక్రం తిప్పుకున్నాడు. నేను నవ్వలేదు. పిన్నిగారు కొడుకు వెనకే కూర్చుని, వాడి వీపునే చూస్తున్నారు. ఆ చూపులో పొద్దుటినుంచీ ఏ అనుమానమూ లేదు. ఆ ఇంట్లో ఆ రోజు జరిగిన మంచి పని అదేనని నేను ఇప్పటికీ అంటాను. దానికి మంత్రం అక్కర్లేదనీ అంటాను. గారెలు మాత్రం బాగున్నాయి.

సాయంత్రం చీకటిపడ్డాక పెద్దకొడుకుకు ఫోన్ చేయమన్నారు. లైను కలిసింది. ఆ రోజుల్లో ఆ ఫోన్లతో ఒక చిక్కుండేది. మన మాట పైన ఎంతో ఎత్తున ఉన్న ఉపగ్రహం దాకా ఎక్కి, మళ్ళీ దిగి, అవతలివాడికి చేరాలి. వాడి జవాబూ అలాగే రావాలి. వెలుతురుకున్నంత వేగంతో పోయినా మధ్యలో చిన్న సందు తప్పదు. అది తెలియక ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసేవాళ్ళు. మధ్యాహ్నం గారెలు తింటూ పిన్నిగారికి ఈ సంగతి చెప్పాను. రెండుచోట్లా ఒకేసారి అని మొన్న నేను చెప్పిన పోలిక ఇక్కడ ఒక వెంట్రుకవాసి విరుగుతుందనీ చెప్పాను. "పోనీలే, పని జరిగింది గదా" అన్నారు.

రిసీవర్‌లోంచి పెద్దకొడుకు గొంతు మా అందరికీ వినబడింది. "ఏమిటమ్మా, బుధవారమే పెట్టేశారా? నేనింకా స్నానమే చెయ్యలేదు! ఇక్కడ తద్దినం ఈరోజు!"

"మాకూ ఈరోజేరా" అన్నారు పిన్నిగారు. "ఇప్పుడు నాతో మాట్లాడుతున్నావు చూడు, ఇది నీకు గురువారం, నాకు బుధవారం. మాట ఒకటా, రెండా?"

అవతలినుంచి ఏమీ రాలేదు. లైను పోయిందేమోనని మిత్రుడు రిసీవర్ అందుకోబోయాడు. ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండరా, మాట ఇంకా దారిలో ఉంది."