పంపు ఆపినా ఆగని మాటలు

“...పంపు భుజానికెత్తి ఎన్నాళ్ళయింది అత్తా? ఇంకా పురుగుమందే ఎక్కిందంటావేంటి?”

“ఒంట్లోకి ఇంకింది ఊరికే పోద్దా? నువ్వొచ్చి నాకు చెప్పేదానివయ్యావు! వాడికి మజ్జిగియ్యి.”

“తాగితే గదా. ముందు నన్ను తాగి చూపించమంటాడు నీ కొడుకు.”

బుడాన్ దడి పక్కనుంచి తల వంచి చూశాడు. తల్లి మాబూబీ పెదాలు కదులుతున్నాయి. భార్య నస్రత్ చేతులు తిప్పుతోంది. అయితే ఇది నిజంగా జరుగుతున్న పోట్లాటే. ఈ మధ్య ఏ మాట చెవిన పడ్డా అతను ఇలా చూసి తేల్చుకోవాల్సి వస్తోంది. చూశాక కూడా నిలబడలేక మళ్ళీ వాకిట్లో తిరగసాగాడు.

మీసాలు రాకముందు నుంచీ అతనిది కూలికి పత్తి చేలల్లో మందు కొట్టే పని. కిందటేడు పచ్చపురుగు దేనికీ చావలేదు. రైతులు రెండు మూడు మందులు కలిపి కొట్టించారు. ఆ రోజుల్లోనే పంపు మోతలో ఎవరో అతన్ని పేరు పెట్టి పిలిచారు. తిరిగి చూస్తే సాళ్ళ మధ్య ఎవరూ లేరు. పంపు ఆపాడు. పిలుపు ఆగలేదు.

మందు ఎక్కడం ఆ ఊళ్ళో కొత్త కాదు. ఎక్కినవాడు తూలతాడు, కక్కుతాడు, ఏదో వాగుతాడు. ఊరి ఆరెంపీ జక్రయ్య సెలైన్ పెడితే లేచి కూర్చుంటాడు. బుడాన్‌కూ పెట్టాడు. మందు ఎక్కిందంటే ఊరు జాలిపడుతుంది. ఇంకో మాట అనుకోవడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు, బుడాన్‌తో సహా.

పిలిచిన గొంతు తర్వాత రెండయింది. “అదుగో, చెంబెత్తాడు. అందులో పెళ్ళాం ఏం కలిపిందో వాడికి తెలీదు,” అని వాళ్ళలో వాళ్ళు చెప్పుకునేవారు. నస్రత్ మందు డబ్బాలన్నీ తీసుకెళ్ళి పొరుగింటి కొట్టంలో పెట్టించింది. అయినా అతను ప్రతి చెంబూ వాసన చూసేవాడు.

పత్తి గాలి తగలకపోతే విషం దిగిపోతుందని మాబూబీ అతన్ని కనిగిరి దగ్గర మెట్ట ఊళ్ళో ఉన్న తన చెల్లెలింటికి పంపింది. అక్కడ మేకలు, రాళ్ళు. కనుచూపు మేరలో పత్తి చేను లేదు. ఒక మధ్యాహ్నం అతను బోరింగు తనే కొట్టుకుని, దోసిలి పట్టి తాగాడు. “ఇందులోనూ కలిపింది,” అంది గొంతు. నస్రత్ ఎక్కడో గుంటూరు పక్క ఊళ్ళో ఉంది. బుడాన్ తడి చేతుల వంక చాలాసేపు చూసుకున్నాడు. ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చేశాడు.

అత్తాకోడళ్ళ పోట్లాట ఇంకా తెగకముందే, మాబూబీ చేసిన కబురు అంది జక్రయ్య సంచీతో వచ్చాడు.

“ఏరా బుడానూ, కనిగిరి మేకలు తరిమినయ్యా నిన్ను? చెయ్యి చాపు.”

బుడాన్ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. “ఇది మందు వల్ల కాదు డాక్టరుగారూ. అక్కడ బోరింగు నేనే కొట్టుకుని తాగా. అయినా నస్రత్ కలిపిందనే అన్నారు వాళ్ళు.”

“ఎవర్రా వాళ్ళు?”

“కనపడరు.”

జక్రయ్య సంచీ మూసి, మంచం మీద కూర్చున్నాడు. “నాకూ అనుమానంగానే ఉందిరా. గుంటూరులో దీనికి డాక్టర్లున్నారు. కానీ అక్కడికెళ్ళొచ్చినోడి చేతికి ఏ రైతు మందు డబ్బా ఇస్తాడు? నీకు ఇంకో పని రాదే.”

“పిచ్చోడంటార్రా నిన్ను!” మాబూబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఇంకొక్క సీసా ఎక్కించుకో నాయనా. చూద్దాం.”

బుడాన్ వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. నస్రత్ ఎదుట ఆగాడు.

“పొద్దున మొదటి బస్సుకి గుంటూరు పోతున్నా. పెద్దాసుపత్రికి, పిచ్చి డాక్టరు దగ్గరికే. నువ్వూ రా.”