చెట్టు మీదున్న మనిషిని పిలవకూడదు

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో అత్త నాకు చెప్పిన మొదటి మాట వంట గురించి కాదు, పొదుపు గురించీ కాదు. "చెట్టు మీదున్నోన్ని పిలువద్దు బిడ్డా. ఇల్లు తగలవడ్డా సరే, దిగినంకనే చెప్పాలె," అంది. నాకు నవ్వొచ్చింది. ఇల్లు కాలుతుంటే ఆయన తీరిగ్గా కల్లు దించుకొని వచ్చేదాకా చూస్తూ కూర్చోవాలా అని అడిగాను. అత్త నవ్వలేదు.

మాది జనగామకు దగ్గర్లోని ఊరు. నా భర్త కల్లు గీస్తాడు, నేను అంగన్‌వాడీలో టీచర్‌ని. నెల్లికుదురు వైపున్న నా తల్లిగారింట్లో అందరిదీ వ్యవసాయమే, కాబట్టి మెడ ఎత్తి పైకి చూస్తూ భయపడటం నాకు పెళ్లయ్యాకే అలవాటైంది. తాటిచెట్టు ఎక్కే మనిషి తన నడుముకూ చెట్టుకూ కలిపి ఒక లావుపాటి తాడు చుట్టుకుంటాడు. దాన్ని మోకు అంటారు. పైన గొల, అంటే కల్లు కారే పూగెల, గీయాలంటే రెండు చేతులూ కావాలి, అంటే బరువంతా ఆ మోకు మీదికి వాల్చాల్సిందే. అప్పుడు కింద నుంచి ఎవరైనా కేకేస్తే తల తిరుగుతుంది, తల వెంట భుజం తిరుగుతుంది, ఆ తర్వాత కాలు జారుతుంది. అత్త చెప్పింది ఇదే.

పోయిన ఎండాకాలం మా బావ, అంటే నా భర్తకు అన్న, చెట్టు మీద నుంచి పడ్డాడు. కింద నుంచి ఎవరూ పిలవలేదు. చొక్కా జేబులో ఫోన్ మోగింది. ఎవరో ఏదో అమ్మడానికి చేసిన ఫోనట. బావ బతికాడు గానీ నడుము కింద ఆయనకు ఏమీ తెలియదు. ఆ ఫోన్ చేసినవాళ్లు నా కంటికి కనబడితే ఏం చేస్తానో నాకే తెలియదు.

అప్పట్నుంచి నా భర్త చెట్ల దగ్గరికి ఫోన్ తీసుకుపోవడం మానేశాడు. ఇంట్లో మాత్రం దాన్ని వదలడు. రాత్రంతా మంచంలో ఆ చిన్న వెలుగులో ఏవేవో వీడియోలు చూస్తూనే ఉంటాడు. పడుకోవయ్యా అంటే, "కండ్లు మూస్తే అన్న పడ్డదే కనవడ్తది. గిది చూస్తె కనవడదు," అన్నాడు.

నిద్ర కరువయ్యాక మతి కూడా పోవడం మొదలైంది. కిరాణా కొట్టుకు బండి మీద పోయి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. అడిగిందే మళ్లీ అడిగేవాడు. అన్నం తిని చేయి కడుక్కొని, తిన్నానా అని నన్నే అడిగాడు ఒకరోజు. నేను ఊరుకునే మనిషిని కాదు. "నీ తలకాయ గూడ ఆ ఫోన్‌ల వెట్టి దాసినవా ఏంది?" అని ఆడిపోసుకున్నాను. అంగన్‌వాడీలో పిల్లలు పలక మరిచిపోతే నేను ఇంత గొడవ చేయను. అయితే ఒక సాయంత్రం గీత కత్తి చెట్టు మీదే మరిచి దిగివచ్చాడు. కత్తి గీతగాడికి చేతి వేలు లాంటిది. ఆ రోజు నేను వేళాకోళం చేయలేదు. గడపలోనే కూర్చున్నాను.

జనగామలో దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ చిన్నదే గానీ ఓపిక ఉంది. రక్తం తీయించింది, బీపీ చూసింది, కొన్ని మాటలు చెప్పి కాసేపటికి వాటిని మళ్లీ చెప్పమంది. ఆయన ఒకటి చెప్పాడు, మిగతావాటి కోసం గోడ వైపు చూశాడు. పరీక్షలో పక్కవాడి పలక చూసే పిల్లాడిలా నా వైపూ చూశాడు. నాకు ఏడుపొచ్చింది. చిన్నప్పుడు మా తాత చివరికి మా నాయిన పేరు కూడా మరిచిపోవడం చూశాను. అదే ఇక్కడా మొదలైందా అని అడిగాను.

"గా రోగం కాదు అక్కా, భయపడకు," అంది డాక్టరమ్మ. "ఒంట్ల ఒక విటమిన్ తక్కువుంది, సూదులు రాస్త. అసలు మందు మాత్రం నిద్ర. నిద్ర లేకుంటె మెదడు పొద్దుగాల్ల చూసింది దాచిపెట్టుకోదు. పండుకునే ముందు ఫోన్ బంద్ చెయ్యాలె, కల్లు తాగుడు బంద్ చెయ్యాలె, ఒక్కసారి ఒక్క పనే చెయ్యాలె. మనసుల భయం ఎవరికన్న చెప్పుకోవాలె. తల కుదుటవడేదాంక చెట్టు ఎక్కద్దు."

అన్నిటికీ తల ఊపిన మనిషి చివరి మాటకు ఊపలేదు. బయటికొచ్చాక అన్నాడు, "ఎక్కకపోతె ఎట్ల? గొల రోజూ గీయాలె. రెండు మూడు దినాలు ఇడిసిపెడితె ఎండిపోతది. ఇగ ఈ ఏడు ఆ చెట్టు లేనట్టే." నిజమే. కల్లు గీసేవాడికి సెలవు అనేది లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో నాకు ఆ బస్టాండులో తెలిసింది.

సూదులు వేయించుకున్నాడు. ఫోన్ నేనే తీసి బియ్యం డబ్బాలో పెట్టేదాన్ని. కొంచెం నిద్ర పట్టసాగింది. నా భయం మాత్రం తగ్గలేదు. ఆయన గడప దాటిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా నేను పిల్లలకు పాటలు చెప్తున్నా చెవులు వీధిలోనే ఉండేవి. ఎవరైనా పరుగెత్తుతున్న చప్పుడు వినిపిస్తే పాట ఆపి గుమ్మంలోకి వచ్చేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున అంబలి పట్టుకొని కాలువ గట్టుకు పోయాను. అక్కడున్న చెట్లలో పొడవైన దాని మీద ఉన్నాడు. కింద నిలబడి తలెత్తి చూశాను. మోకు కొస కిందికి వేలాడుతోంది. ఎప్పుడూ నడుము దగ్గర ముడి వేసి, ఆ ముడి మీద ఇంకో ముడి బిగించి, కొస లోపలికి దోపుతాడు. రెండో ముడి లేదు. మొదటి ముడి ఒక్కటే ఆయన బరువంతా మోస్తోంది. ఆయన కత్తి కదిపినప్పుడల్లా ఆ కొస కొంచెం కొంచెం ఊగుతోంది.

నోరు తెరిచాను. వెంటనే రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను. పిలిస్తే ఉలిక్కిపడతాడు. పిలవకపోతే వదులు ముడి మీద అలాగే వాలి ఉంటాడు. ఏది చేసినా చంపేది నేనే అనిపించింది. అంత భయం నేను కాన్పులప్పుడు కూడా పడలేదు.

అంతలో గట్టు మీద బండి చప్పుడు. కల్లు కోసం ఊరి మనిషి ఒకాయన వస్తున్నాడు. అతను దూరం నుంచే "ఏం మామా!" అని ఊరంతా వినేలా అరుస్తాడని నాకు తెలుసు. అంబలి గిన్నె అక్కడే వదిలేసి చెప్పులు లేకుండా పరుగెత్తాను. బండికి అడ్డం నిలబడి దండం పెట్టాను. నా ముఖం చూసి అతను బండి ఆపేశాడు. వేలితో పైకి చూపించాను. అతనూ చూశాడు, అతనికీ అర్థమైంది. ఇద్దరం గట్టు మీద నోరు మూసుకొని నిలబడ్డాం.

గీయడం అయ్యింది. కల్లు వంచుకున్నాడు. దిగబోయే ముందు ఆగి చేయి నడుము దగ్గరికి పోనిచ్చాడు. ఆ చేయి అక్కడే ఉండిపోయింది. తర్వాత ఒక చేత్తో చెట్టును కావలించుకొని, ఇంకో చేత్తో, పళ్లతో కొస లాగి ముడి బిగించాడు. నేను దుమ్ములో కూలబడ్డాను.

దిగాక నా పక్కన కూర్చున్నాడు.

"చూసినవా?" అన్నాడు.

"చూసిన."

"నువ్వు వచ్చిందీ, ఉరికిందీ అన్నీ ఇనవడ్డయి. ముడి కంటె నువ్వు యాడ ఒర్రి పిలుస్తవో అనే ఎక్కువ బుగులైంది."

ఆ మాటకు నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇద్దరం ఒకరిని చూసి ఒకరం భయపడుతూ ఉన్నామన్నమాట.

మర్నాటి నుంచి కొత్త పద్ధతి పెట్టుకున్నాం. అత్త ఉన్న రోజుల్లో ఆడవాళ్ల చేయి తగలకూడదని మోకును నన్ను ముట్టనిచ్చేది కాదు. ఇప్పుడు ఆయనే ప్రతి చెట్టు మొదట్లో నిలబడి నడుము నా వైపు తిప్పేవాడు. నేను రెండు ముళ్లూ చూసి, గుంజి, "ముడి వడ్డది" అనేదాన్ని. ఆ మాట విన్నాకే కాలు ఎత్తేవాడు. ఆయన ముఖంలో కొంచెం తేట వచ్చింది. నిద్ర కూడా బాగా పట్టింది, ఎందుకంటే ఆయన భయంలో సగం నాకు ఇచ్చేశాడు.

ఆ సగం నన్ను తినసాగింది. నా మతి సరిగ్గా ఉండాలి కదా. డాక్టరమ్మ ఆయనకు చెప్పినవన్నీ నేను పాటించడం మొదలుపెట్టాను. పెందలాడే పడుకునేదాన్ని. ఒక్కసారి ఒక్క పనే చేసేదాన్ని. అయినా పడుకున్నాక ముళ్లే కనబడేవి. ఇది గట్టిగా ఉందా, అది గట్టిగా ఉందా అని తెల్లారేదాకా గుంజుతూనే ఉండేదాన్ని. నిద్ర ఆయనకు వచ్చి నాకు పోయింది. ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే ఆయన ధైర్యం చెడుతుందనుకున్నాను.

ఒక పొద్దున ఆయనను కాలువ గట్టు చెట్టు ఎక్కించి, మిగతావి నేను తిరిగొచ్చాకే ఎక్కమని చెప్పి అంగన్‌వాడీకి వచ్చాను. పిల్లలకు గుడ్లు ఒలిచి పెడుతున్నాను. కాలువ గట్టు చెట్టు ముడి గుంజానా అని ఉన్నట్టుండి అనుమానం వచ్చింది. గుర్తు తెచ్చుకోబోతే ఏమీ లేదు. నిన్నటిది గుర్తుంది, మొన్నటిది గుర్తుంది. ఇవాళ్టిది లేదు. ఒలుస్తున్న గుడ్డు పళ్లెంలో పెట్టేశాను. నాకు సాయంగా ఉండే ఆయమ్మకు పిల్లలను అప్పగించి పరుగెత్తాను. దారిలో ఎవరెవరో ఏమైందని అడిగారు. నేను ఆగలేదు.

గట్టు చేరేసరికి ఆయన అప్పుడే దిగి కల్లు కుండను, అదే లొట్టిని, నేల మీద పెడుతున్నాడు. నేను నేరుగా వెళ్లి నడుము దగ్గర ముడి పట్టుకున్నాను. రెండూ ఉన్నాయి, గట్టిగా ఉన్నాయి.

"ఏమైందే? నువ్వే గద గుంజినవ్. వడ్డది అన్నవ్ గూడ," అన్నాడు.

"నాకు యాదికి లేదు," అన్నాను. "నిద్రవట్టి శానా దినాలైంది. నాకేం యాదికుంటలేదు."

ఆయన నా ముఖం చాలాసేపు చూశాడు. దవాఖానలో నేను ఆయన ముఖం అలాగే చూసి ఉంటాను. మోకు విప్పి చుట్టచుట్టి భుజాన వేసుకున్నాడు. అటు ఇంకా గీయాల్సిన చెట్లు ఉన్నాయి. వాటి వైపు ఒకసారి చూశాడు.

"పా, ఇంటికి పోదాం," అన్నాడు.

సాయంత్రం కూడా పోలేదు, మర్నాడు కూడా పోలేదు. గీయని చెట్లకు లొట్లు నిండి కల్లు కిందికి కారిందట. ఆ వారం పోయేలోపు గొలలన్నీ ఎండిపోయాయి. ఈ ఏడు ఇక ఆ చెట్లు లేవు. రేపు ఎలా అన్న భయం ఇప్పటికీ ఉంది, దాన్ని లేదని చెప్పను.

ఆయన చెట్లకు పోవడం మానిన మర్నాడే పొద్దెక్కాక పక్కింటి అక్క చెంబు పట్టుకొని కల్లుకు వచ్చింది.

"మీ ఆయన ఏడి?" అంది.

"పండుకున్నడు," అన్నాను.

"గింత పొద్దెక్కినంక పండుకునుడేంది? లేపరాదు!"

"లేప. పండుకోనియ్యి," అన్నాను. తలుపు దగ్గరికేసి నేనూ పోయి పడుకున్నాను.