పగలని నంబరు

మా చిన్నప్పుడు... ఆదివారం వస్తే చాలు, నాన్నకి భోజనం క్యారేజీ పట్టుకుని అక్కా నేనూ పటమట నుంచి ఆటోనగర్‌కి నడిచి వెళ్ళేవాళ్ళం. అక్కడ నాన్నకి లారీ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. లోపలంతా డీజిలు వాసన... ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది.

విప్పిన ఇంజన్లు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా, వాటి నంబర్లలో చివరి ఐదంకెలు నాన్న సుద్దముక్కతో షట్టరు మీద రాసేవారు. ఆయన తింటున్నంతసేపూ మా పని ఆ నంబర్లని పగలగొట్టడం.

ఓసారి 52371 కనపడింది. అంకెలన్నీ కూడితే పద్దెనిమిది... అంటే తొమ్మిదితో పోతుంది. మిగిలిన 5819ని అక్క పదకొండుతో భాగించింది. 529 వచ్చింది. అది ఇరవై మూడుని ఇరవై మూడుతో గుణిస్తే వచ్చేదని నేనే ముందు కనిపెట్టాను. ఆ రోజు నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

కొన్ని మాత్రం దేనికీ లొంగేవి కావు. బళ్ళో వాటిని ప్రధాన సంఖ్యలనేవారు. మేం మొండిఘటాలు అనేవాళ్ళం.

టెన్త్ అవగానే అక్కని ఇంటర్ హాస్టల్లో వేశారు. ఉన్న ఊళ్ళోనే ఇల్లుండగా హాస్టలేంటో... మా బెజవాడ చదువులంతే. అక్క బట్టలు సర్దుకుంటుంటే నేను పోయి పెట్టె మీద కూర్చుని లేవనన్నాను.

"ఏడవకే. షట్టరు మీద 31547 ఉంది చూశావా? నేను సెలవులకొచ్చేలోపు దాన్ని పగలగొట్టి పెట్టు."

అది పగిలితే అక్క వచ్చేస్తుందని నాకు నేనే అనేసుకున్నాను. డాబా గచ్చంతా బొగ్గుతో భాగహారాలే... పదిహేడు, పందొమ్మిది, ఇరవై మూడు... ఏది పెట్టినా ఎంతో కొంత మిగిలిపోయేది. అమ్మ తిట్టుకుంటూ కడిగేది, నేను మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

దసరాకి వచ్చిన అక్క సెలవులన్నీ నిద్రపోయింది. "ఇంకా పగల్లేదా? పోన్లే, ఉండనీ" అంది. తర్వాత ఇంజనీరింగు, ఉద్యోగం, పెళ్ళి... మా మధ్య మళ్ళీ ఆ మాట రాలేదు.

మొన్న మా అమ్మాయి లెక్కలు చేసుకుంటుంటే ఎందుకో ఆ నంబరు నా నోటికొచ్చింది. ఫోన్లో కొట్టి చూసి, "ప్రధాన సంఖ్యమ్మా" అనేసింది క్షణంలో. నేను గచ్చు మీద అరగదీసిన బొగ్గంతా గుర్తొచ్చింది.

వెంటనే అక్కకి ఫోన్ చేశాను. "అది పగలదని నీకు ముందే తెలుసా?"

"తెలుసే" అంది అక్క. "వారం రోజులు కూర్చుని చూసుకునే ఇచ్చా. పగిలిపోతే నాకోసం ఎదురుచూడటం మానేస్తావేమోనని."

అక్క ఉండేది బెంజ్ సర్కిల్‌కి అవతలే... ఆటో ఎక్కితే ఎంతసేపని. అయినా పెళ్ళిళ్ళలో తప్ప కలుసుకోం. ఆ షట్టరు ముందు ఇంకొక్క ఆదివారం అక్క పక్కన కూర్చోవాలని ఎంతుందో చెప్పలేను.

మీకూ మీ తోబుట్టువులకీ మాత్రమే తెలిసిన ఆట ఏదైనా ఉంటే కింద రాయండి... రాసే ముందు వాళ్ళకోసారి ఫోన్ చేయండి. మా నంబరు ఇప్పటికీ పగలలేదు. ఎదురుచూడటం మాత్రం నేనెప్పుడో మానేశాను.