ఫస్ట్ చాయిస్

శుక్రవారం సాయంత్రాలు వాళ్లమ్మ టెక్సస్‌లో, ప్లేనోలోని ఇండియన్ స్టోర్‌లోకి వెళ్లగానే, దేదీప్య కారు వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చుని సీటిచ్చిన లా స్కూళ్లకు మెయిళ్లు రాస్తుంది. ఈ కారు కొన్నప్పుడు నాన్న శ్యామ్‌సుందర్ ఒక డీలర్ చెప్పిన రేటు ఇంకో డీలర్‌కి చూపించి ధర దింపించాడు. ఆ విద్యనే కూతురికీ నేర్పాడు. ఒక స్కూల్ ఇస్తానన్న స్కాలర్‌షిప్ లెటర్ రెండోదానికి పంపాలి, అది పెంచితే మూడోదానికి చూపించాలి. ప్రతి మెయిల్ చివరా ఒకటే వాక్యం: మీరే నా ఫస్ట్ చాయిస్. మొదటిసారి అలా రాసినప్పుడు ఆమె చెవులు వేడెక్కాయి. ఇప్పుడు స్కూల్ పేరు మార్చి, సరిగ్గా మారిందో లేదో చూసుకుని, పంపేసి, బొటనవేలి గోరు కొరుక్కుంటుంది.

మొన్న శుక్రవారం ఒక స్కూల్ నుంచి ఫోనొచ్చింది. ఫీజు మొత్తం తామే భరిస్తామని, తామే ఆమె ఫస్ట్ చాయిస్ అని చదివి కమిటీ అంతా మురిసిపోయిందని అడ్మిషన్స్ ఆవిడ సంబరంగా చెప్పింది. స్పీకర్‌లో వింటున్న నాన్న ముందు సీట్లోంచి తిరిగి, "వన్ వీక్ టైమ్ అడుగమ్మా, ఇది కూడా ఇంకోళ్లకి చూపిద్దాం," అని గుసగుసలాడాడు. దేదీప్య థాంక్స్ చెప్పి వారం గడువు అడిగింది. గొంతులో ఏ మార్పూ లేదు.

అమ్మ సంచులతో తలుపు తీసింది. "ఎవరే ఫోన్‌లో?"

"ఫుల్ స్కాలర్‌షిప్ ఇచ్చారు, అమ్మా."

"నా బంగారు తల్లీ! ఏ స్కూలే?"

దేదీప్య ఫోన్ తిప్పి, ఇందాక వచ్చిన నంబర్ ఏ స్కూల్‌దో చూసింది.